గొట్టం వెనకవైపు

పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చున్న వెల్డరు అక్క ఒక్కటే మాట పట్టుకుంది. “అమ్మా, మావాడి కుడిచెయ్యి ఒక్కటి కాపాడండి. మిగతా దెబ్బలు మానతాయి. ఆ చెయ్యి పోతే మా ఇంటిల్లిపాదీ పోయినట్టే.”

సర్వేయరమ్మ అప్పటికే లోపలికెళ్ళి చూసి వచ్చింది. వెల్డరు ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది. పెదవి చీలి, కారిన రక్తం చొక్కా మీద అట్టకట్టింది. ఎడమచేతి వేళ్ళు రెండు ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉన్నాయి. కుడిచేతిని మాత్రం బల్లకోడుకి కట్టి, ముట్టుకోకుండా వదిలేశారు. జాలిపడి కాదు, ‘నేనే చంపాను’ అన్న కాగితం మీద సంతకానికి ఆ చెయ్యి కావాలి. మూడున్నరకల్లా సంతకం పెట్టకపోతే వేలిముద్రతో సరిపెట్టుకుంటామనీ, అప్పుడిక కుడిచేత్తో పనే ఉండదనీ చెప్పారట. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు హాజరు. అప్పుడు టైము పన్నెండున్నర.

సర్వేయరమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. ఇరవై రెండేళ్ళపాటు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న కార్ల కింద దూరి, ఎవడు నిజం చెప్తున్నాడో ఎవడు బుకాయిస్తున్నాడో తేల్చిన మనిషి. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేస్తోంది. యాభై నాలుగేళ్ళొచ్చినా ఆ పాత బ్రౌన్ కోటునీ, జేబులో పళ్ళ డాక్టర్లు వాడే బుల్లి అద్దాన్నీ వదల్లేదు.

“నువ్వు నాతో రా. ఏడుపు తర్వాత,” అంది వెల్డరు అక్కతో. “ఆ పానాల సంచీ పట్టుకో.”

చచ్చిపోయినవాణ్ణి అందరూ రేసుబాబు అనేవారు. నిన్న ఉదయం తన కారుకి కొత్త ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పెట్టించుకున్నాడు. ఇంజన్లోంచి పొగని బయటికి లాక్కెళ్ళే నాలుగు స్టీలు గొట్టాల గుత్తి అది, వెల్డరు తన చేత్తో చేసింది. తొమ్మిదిన్నరకి బిగింపు అయింది. ఒకసారి ఇంజన్ వేడెక్కి చల్లారాక బోల్టులు వదులవుతాయి కాబట్టి, రెండో బిగింపుకి వస్తానని చెప్పి వెల్డరు వెళ్ళిపోయాడు. పావుతక్కువ పన్నెండుకి తిరిగొచ్చేసరికి రేసుబాబు షెడ్డులో పుర్రె పగిలి పడున్నాడట. ఎత్తబోతే చేతులకి రక్తమంటింది. భయపడి పారిపోయాడు. మంచివాళ్ళు చేసే వెధవపని ఇదే. సాయంత్రానికల్లా పట్టుకున్నారు.

వెల్డరుకి ఉరితాడు పేనుతున్న సాక్ష్యం ఒక్కటే, రేసుబాబు బావది. రేసుబాబుకి అక్క మొగుడు. కార్ల సామాన్ల షాపు ఆయనదే. ఆ మాటకొస్తే వీధి మొత్తం ఆయన్ని బావగారనే పిలుస్తుంది.

ఒంటిగంటకి సర్వేయరమ్మ ఆ షాపు కౌంటరు ముందు నిలబడింది. సంతాపం మాటలేవీ పెట్టుకోలేదు. గోడకి వేలాడుతున్న మెరిసే గొట్టాల గుత్తి వైపు వేలు చూపించింది.

“ఇది నా కారుకి పెట్టించుకుంటే ఏమిటి లాభం బావగారూ?”

బామ్మర్ది పోయి రెండు రోజులన్నా నిండలేదు, అయినా అమ్మకందారు నోరు ఆగుతుందా? “కంపెనీవాడిచ్చేది పోత ఇనుము మేడమ్. ఎనిమిది కేజీల బరువు. నాలుగు సిలిండర్ల పొగా ఒకేచోట తోసుకుంటుంది. ఇందులో దేని దారి దానిదే. ఇంజన్‌కి ఊపిరాడుతుంది, బరువు సగం తగ్గుతుంది, పైస్పీడులో కారు ఎగిరిపోతుంది. సౌండంటారా, వీధి చివర ఉండగానే మీరొస్తున్నారని తెలిసిపోతుంది.”

“నేనొస్తున్నట్టు ముందే తెలిస్తే నా వృత్తి గంగలో కలుస్తుంది. నష్టాలేమిటి?”

“నష్టమా... ఏముంటుంది మేడమ్...”

“నీళ్ళు నమలకండి, నేనే చెప్తాను. తక్కువ స్పీడులో లాగుడు పడిపోతుంది. బానెట్ కింద పొయ్యి పెట్టినట్టే, పక్కనున్న వైర్లూ రబ్బరు గొట్టాలూ మాడతాయి. రెండో బిగింపు మర్చిపోతే పొగ కారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పల్చటి రేకుతో చేస్తే వేడికి పగులుతుంది. పగుల్లోంచి మంట పెట్రోలు గొట్టం మీద కొడుతుంది. పోయిన నెల ట్రాక్ మీద ఒకతను సీటు బెల్టు ఊడక కూర్చున్నవాడు కూర్చున్నట్టే కాలిపోయాడు. అతని గొట్టాలు ఎవరి షాపులోవి?”

బావగారి చెయ్యి కౌంటరు మీద ఆగిపోయింది. “అది డ్రైవరు తప్పు. పోలీసులే రాసిచ్చారు.”

“తెలుసు. రాసింది మా మరిదే. రేసుబాబు మాత్రం నమ్మలేదట కదా? అందుకే మీ షాపు సరుకు మానేసి వెల్డరుతో మందపాటి స్టీలుతో చేయించుకున్నాడు. మీ సంగతి రేసు కమిటీకి రాస్తానన్నాడని వెల్డరు చెప్పాడు.”

“హంతకుడు ఏమైనా చెప్తాడు.” ఆయన గొంతు గట్టిపడింది. “నేను పోలీసులకి చెప్పిందే మీకూ చెప్తున్నా. సరిగ్గా పదకొండుకి బాబూ నేనూ ఆ కారులో ట్రయల్‌కి వెళ్ళాం. ఇరవై కిలోమీటర్లు. నూట నలభై స్పీడులో కొట్టాడు. పదకొండున్నరకి నన్ను ఇక్కడ దింపేసి వెళ్ళాడు. పదకొండూ ముప్ఫైఅయిదు నుంచి నేను షాపులోనే ఉన్నా, ఆరుగురు కస్టమర్లు సాక్ష్యం. గొట్టాలు చక్కగా నీలం రంగుకి తిరిగాయి కూడా. వెళ్ళి చూసుకోండి.”

గొట్టాల రంగు గురించి ఆవిడ అడగలేదు. ఆయన కుడి కనుబొమ్మ చివర వెంట్రుకలు మాడి ముడుచుకుపోయి ఉండటం కూడా చూసింది. థాంక్స్ చెప్పి బయటికొచ్చింది.

ఒకటీ నలభైకి షెడ్డు. పొద్దున మేజిస్ట్రేటు ఇచ్చిన పర్మిషన్ కాగితం చూసి కాపలా కాన్‌స్టేబుల్ షట్టర్ ఎత్తాడు. నేల మీద రక్తం ఎండి నల్లగా పెచ్చులు లేస్తోంది. గోడ మీద తల ఎత్తు నుంచి నేలదాకా చింది ఉంది, అంటే కింద పడ్డాక కూడా కొట్టారు. ఒకసారి కాదు, కసి తీరేదాకా కొట్టారు. వెల్డరు అక్క గుమ్మంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సర్వేయరమ్మ ఆ కాగితంతోపాటు కోర్టు నుంచి తెచ్చుకున్న శవం ఫోటోలు బయటికి తీసి చూసింది. పోలీసులు వెల్డరు సుత్తి అని రాసుకున్నారు. సుత్తి దెబ్బయితే నిండు చంద్రుడిలా గుంట పడాలి. ఇవి అర్ధచంద్రాలు, పక్కపక్కనే రెండేసి. గొట్టం మూతి అంచు దెబ్బలు. నిన్న పొద్దున కారునుంచి ఊడదీసిన పాత ఇనప మానిఫోల్డ్ కోసం షెడ్డంతా వెతికింది. ఎక్కడా లేదు.

బానెట్ ఎత్తింది. కొత్త గొట్టాలు నిజంగానే నీలంగా, ఊదాగా నిగనిగలాడుతున్నాయి. స్టీలు బాగా వేడెక్కితే ముందు పసుపు, తర్వాత గోధుమ, ఆ తర్వాత ఊదా, నీలం. ఇరవై కిలోమీటర్లు తిప్పిన లెక్కకి సరిగ్గా సరిపోయింది. వెల్డరు అక్క గుమ్మం దాటి లోపలికొచ్చింది. “అంటే నిజంగానే తిరిగారా అమ్మా?”

“ఆగు.” బుల్లి అద్దాన్ని గొట్టాల వెనక్కి, ఇంజన్‌కీ వాటికీ మధ్య సందులోకి తోసి, టార్చి వేసింది. వెనకవైపు తెల్లగా ఉంది. నాలుగు గొట్టాలూ కొత్త చెంచాల్లా మెరుస్తున్నాయి.

పొగ లోపల్నుంచి కాలుస్తుంది, దానికి ముందూ వెనకా తేడా ఏం తెలుసు? ఒకవైపే రంగు వచ్చిందంటే బయటినుంచి ఎవరో మంట చిమ్మే బ్లో లాంపుతో కాల్చారు. వెనక్కి మంట అందలేదు. అసలు ఈ గొట్టాలతో ఇంజన్ ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. పదకొండు గంటల ట్రయల్ పచ్చి అబద్ధం. పదకొండున్నరదాకా రేసుబాబు బతికే ఉన్నాడనడానికి ఆ అబద్ధం తప్ప వేరే ఆధారం లేదు. రంగు లేకపోతే వెల్డరు చూడగానే పట్టేస్తాడని తెలిసినవాడు, ఆ వ్యాపారంలో పండినవాడు, శవం పక్కన కూర్చుని తీరిగ్గా రంగు వేశాడు. కనుబొమ్మ మాడింది అక్కడే.

పానా తీసుకుని, నాలుగు గొట్టాలూ కలిసేచోట మరబిగించిన సెన్సర్‌ని ఊడదీసింది. పొగలో మొన పెట్టి ఉండే బొటనవేలంత ముక్క. ఐదు నిమిషాలు ఇంజన్ తిరిగినా దాని మొన మసిబారుతుంది. ఇది తళతళలాడుతోంది. దాని మీది నంబరూ, మూలనున్న ఖాళీ అట్టపెట్టె మీది నంబరూ ఒకటే. రెండూ గుడ్డలో చుట్టి, ఒక చీటీ రాసి, వెల్డరు అక్క చేతిలో పెట్టింది.

“నేరుగా కోర్టుకెళ్ళు. మేజిస్ట్రేటు చేతికే ఇవ్వు. ఎవరడిగినా మీవాడికి మందులని చెప్పు. స్టేషన్ ముందునుంచి వెళ్ళకు.”

“మీరు రారా అమ్మా?”

“నాకిక్కడ ఇంకో మనిషితో పనుంది.”

ఆ మనిషి రెండుంబావుకి జీపు దిగాడు. ఇన్‌స్పెక్టర్, ఆవిడ భర్తకి తమ్ముడు. ఆవిడ కాపరానికొచ్చేనాటికి ఇతను నిక్కర్లేసుకునేవాడు. ఇతని పుస్తకాలకి అట్టలు వేసింది, జ్వరమొస్తే రాత్రిళ్ళు కూర్చుంది. ఇప్పుడతని కుడిచేతి కణుపులు వాచి, చర్మం లేచిపోయి ఉన్నాయి.

“వదినా, కుటుంబం పరువు రోడ్డు మీద పెట్టకు. కేసు అయిపోయింది.”

“చేతికేమైంది మరిదీ? గోడని కొట్టావా, మనిషిని కొట్టావా?”

“నా పద్ధతి నాది. నీలా కార్ల కింద పాకితే నేరస్తులు దొరకరు.”

“పాకితే ఏం దొరికిందో చూడు ముందు.” అద్దం అతని చేతికిచ్చి, మణికట్టు పట్టుకుని సందులోకి పెట్టించింది. టార్చి వేసింది. విడమరిచి మొత్తం చెప్పింది, సెన్సర్ సంగతి తప్ప. దాన్ని ఎందుకు దాచిందో అప్పుడు ఆవిడనడిగితే చెప్పలేకపోయేది. ఆ కణుపుల్ని చూసి నోరు రాలేదు, అంతే.

అతను అద్దంలోకి చాలాసేపు చూశాడు. అరనిమిషం పైనే. తర్వాత అద్దాన్ని బానెట్ అంచు మీద పడేశాడు. “మెకానిక్కుల సోది. కోర్టులో ఎవడికీ ఎక్కదు. వాడు సంతకం పెడతాడు, పెట్టకపోతే చెయ్యి పోగొట్టుకుంటాడు.”

“ఆ చేతి మీద దెబ్బ పడిందంటే నీ వదిననన్న సంగతి మర్చిపో.”

“ఎప్పుడో మర్చిపోయాను.” కాన్‌స్టేబుల్‌ని కూడా జీపెక్కించుకుని పోయాడు. రెండూ ఇరవైఅయిదు. కాపలావాణ్ణి ఎందుకు తీసుకెళ్ళాడో ఆవిడకి అర్థం కాలేదు. కింద కూర్చుని షెడ్డు పటం గీసుకోవడం మొదలుపెట్టింది.

పావుతక్కువ మూడుకి షట్టర్ కింద నుంచి రెండు బూట్లు కనిపించాయి. బావగారు వంగి లోపలికొచ్చాడు. ఒక చేతిలో కారు తాళం, రెండో చేతిలో పాత ఇనప మానిఫోల్డ్. దాని మూతులకి ఎండిన రక్తం, దానికి అంటుకున్న జుట్టు. దాచినచోట నుంచి తీసుకొచ్చాడంటే దాంతో ఇంకా పని మిగిలి ఉందనే.

ఆవిడ లేచేలోపు ఇనుము గాల్లోకి లేచింది. తల తప్పించింది గానీ భుజం తప్పించలేకపోయింది. లోపల ఏదో పటుక్కుమంది. ఎడమచెయ్యి చచ్చుబడి వేలాడింది. కేక పెట్టే ఊపిరి కూడా లేదు. ఆయన బూటుతో ఆవిడ డొక్కలో రెండు తన్నులు తన్ని, కారు తలుపు తీసి, తాళం తిప్పాడు.

ఇంజన్ గర్జించింది. పెద్ద పానా ఒకటి సీటుకీ యాక్సిలరేటర్‌కీ మధ్య ఇరికించాడు. గర్జన కాస్తా చెవులు చిల్లులుపడే ఊళ అయింది.

అప్పుడర్థమైంది ఆవిడకి. తనని చంపడం కాదు ముందు, రంగు వెయ్యడం. నాలుగైదు నిమిషాలు ఇలా తిరిగితే చాలు, వెనకవైపు తెలుపంతా నీలమైపోతుంది.

పాకుతూ బానెట్ దగ్గరికెళ్ళి లేచింది. గొట్టాల మూతుల దగ్గర తెలుపు మీద పసుపు పాకుతోంది. కళ్ళముందే గోధుమరంగైంది. గాలి పీల్చే గొట్టం మూతి ఇంజన్ పక్కనే తెరుచుకుని ఉంది. దాన్ని మూస్తే ఇంజన్ చస్తుంది. ఒంటిచేత్తో కోటు విప్పుకోవడం ఎంత కష్టమో జన్మలో మొదటిసారి తెలిసింది. పళ్ళతో కాలరు పట్టి లాగింది.

“చావవేమే ముసల్దానా!” బావగారు వెనకనుంచి జుట్టు పట్టుకుని ఆవిడ ముఖాన్ని బానెట్ అంచుకేసి కొట్టాడు. ముక్కు చిట్లింది. నోట్లోకి వెచ్చగా రక్తం దిగింది. మళ్ళీ కొట్టాడు. మూడోసారి ఇనుమెత్తి ఆవిడ నడినెత్తికి గురిపెట్టి ముందుకి వంగాడు.

ఆవిడ మోకాళ్ళు వదిలేసి కుప్పలా కిందికి జారింది. ఆయన దెబ్బ గురితప్పింది, ఆ ఊపుకి ఒళ్ళంతా ఇంజన్ మీదకి వాలింది. సెన్సర్ ఊడదీసిన కన్నం అక్కడే ఉంది. తొందరలో దాన్ని ఆయన చూసుకోలేదు. ఆ కన్నంలోంచి పొగ ఈటెలా పైకి కొడుతోంది. అది సూటిగా ఆయన గడ్డం కింద తగిలింది.

ఆ అరుపు ఇంజన్ ఊళని మించిపోయింది. ఇనుము జారిపడింది. కళ్ళు కనపడక చేత్తో తడుముకుంటూ గొట్టాన్నే పట్టుకున్నాడు. అరచేతి చర్మం గొట్టానికే అంటుకుపోయింది. సర్వేయరమ్మ కోటుని ఉండచేసి గాలి గొట్టంలోకి మోచేత్తో కుక్కింది. ఇంజన్ రెండుసార్లు దగ్గి, వణికి, ఆగిపోయింది. కింద పడున్న చిన్న పానా తీసుకుని బావగారి మోకాలి చిప్ప మీద ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. చిప్ప పగిలిన చప్పుడు వినిపించింది. ఆయన పడిపోయాడు. సిగ్గెందుకు చెప్పడానికి, ఇంకోటి కూడా కొట్టింది.

అద్దం పగల్లేదు. సందులో పెట్టి చూసింది. వెనకవైపు తెలుపు జాడైనా లేదు. ఈ మూల నుంచి ఆ మూలకి ఊదారంగే.

మూడూ పదికి జీపు ఆగింది. మరిది లోపలికొచ్చి, రక్తం కారుతున్న వదిన ముఖం చూసి ఆగలేదు. నేల మీద మూలుగుతున్న బావగారిని దాటుకుంటూ నేరుగా కారు దగ్గరికెళ్ళాడు. ఆవిడ చేతిలోంచి అద్దం తీసుకుని సందులోకి పెట్టాడు.

“ఏదీ తెలుపు? అంతా నీలమే కదా వదినా.”

ఆ మాట ఆవిడకి భుజం విరిగినదానికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

“ఆ అద్దంలో చూసింది ఇద్దరమే మరిదీ. నువ్వూ, నేనూ. వెనకవైపు రంగు లేదని ఈయనకి ఎవరు చెప్పారు?”

అతను షట్టర్ దగ్గరికెళ్ళి కిందికంటా లాగేశాడు. షెడ్డు చీకటైంది. ఒక్క బల్బు వెలుగుతోంది.

“పోయిన నెల కాలిపోయినవాడి రిపోర్టు తిరగతోడితే నా యూనిఫాం పోతుంది,” అన్నాడు మెల్లిగా. “గొట్టం పగిలిందని నాకు తెలిసే రాశాను. ఈయన మాట కాదనలేకపోయాను. వెల్డరు సంతకంతో మొత్తం కప్పబడిపోయేది. నీకెందుకొచ్చిన గొడవ వదినా?”

“వెల్డరు చెయ్యి?”

“ఇంకా ఉంది. ఇరవై నిమిషాలు టైముంది.”

అతని జేబులో ఫోను మోగింది. ఎత్తి విన్నాడు. “సార్... సార్... ఇప్పుడేనా సార్?” ఫోను ఆపి, చేత్తో పట్టుకునే ఆవిడ వైపు చూశాడు. “మేజిస్ట్రేటు. వెల్డరుని ఈ క్షణం హాజరుపరచాలట, తీసుకురావడానికి కోర్టు మనుషులు స్టేషన్‌లోకి వచ్చేశారట. సెన్సర్ ఏమిటి వదినా?”

“ఈ కారుదే. మసి అంటనిది. రెండింటికి ముందే వాళ్ళక్క చేతికిచ్చి పంపాను.” నోట్లో రక్తం పక్కకి ఊసింది. ఆ చెయ్యి దక్కింది. అది చాలు ఆవిడకి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నా మీద అంత అనుమానం ఉన్నదానివి, మరి అద్దం నాకెందుకు చూపించావు?”

“అనుమానం కాదురా. అది చూశాక నీ చేత్తో నువ్వే వాడి కట్లు విప్పుతావని ఆశపడ్డాను.”

మరిది ఫోను జేబులో వేసుకున్నాడు. తర్వాత వంగి, బావగారి పక్కన పడున్న ఇనప మానిఫోల్డ్‌ని రెండు చేతులతో పైకెత్తాడు.

“నువ్విక్కడ ఉన్నావని ఎవరెవరికి తెలుసు వదినా?”

సర్వేయరమ్మ గోడ పట్టుకుని లేచింది. ఎడమచెయ్యి లేవలేదు. కుడిచేత్తో పానా బిగించి పట్టుకుంది.